తొమ్మిది చుక్కల ఆట

కూనలంక ప్రాథమిక పాఠశాలలో ఐదో తరగతి గది కారుతుంది. ఈ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, మండలంలో కొందరికి తెలుసు, జిల్లాలో మాత్రం ఎవరికీ తెలియదు. తెలియజెయ్యడానికి అడపా గంగాధరం మాస్టారు పడని పాట్లు లేవు. అర్జీ పెట్టారు. ఆ అర్జీ ఏమైందని ఇంకో అర్జీ పెట్టారు. దానికి మాత్రం జవాబొచ్చింది: "మీ మొదటి అర్జీ పరిశీలనలో ఉన్నందున, రెండవ అర్జీ పరిశీలించబడదు." మాస్టారు ఆ జవాబును గదిలో బీరువా మీద పెట్టారు. బీరువా మీద కూడా ఓ చుక్క పడుతుంది కాబట్టి వారం తిరక్కుండా అక్షరాలు అలుక్కుపోయాయి.

గోదావరి లంకల్లో ఆషాఢం వానంటే మామూలు వాన కాదు. పట్టుకుందంటే వదలదు. ఐదో తరగతి పిల్లలు పుస్తకాలు ప్లాస్టిక్ సంచుల్లో పెట్టుకుని, భోజనం పళ్ళేలు నెత్తిన పెట్టుకుని ఎక్కాలు చదివేవారు. వాళ్ళలో నూకరత్నం అని ఓ బక్కపిల్ల. ఆషాఢంలో మొదలుపెట్టిన దగ్గు కార్తీకం దాకా ఆపేది కాదు. వాళ్ళమ్మ రొయ్యల షెడ్డుకు పోతూ పోతూ బడి గుమ్మంలో నిలబడి, "మాస్టారండీ, బడికంపితే చదువొస్తాదనుకున్నానండి. దగ్గొస్తందండి," అంది ఓసారి. మాస్టారికి ఆ పూట అన్నం సయించలేదు.

కప్పు బాగుచేసే స్తోమతు తనకు లేదు, ఊరుకునే గుండే లేదు. అందుకని ఓ ఆట కనిపెట్టారాయన. నేల మీద సుద్దముక్కతో గళ్ళు గీశారు. చుక్క పడే గళ్ళకు సున్నాలు చుట్టారు. తొమ్మిదయ్యాయి. అరగదీసిన చింతపిక్కలు విసరాలి. ఎన్ని తెల్లగా పడితే అన్ని గళ్ళు నడవాలి. నడవాల్సింది పిల్లలే, వాళ్ళే పావులు. సున్నా చుట్టిన గడిలో ఆగారో, తతిమ్మా వాళ్ళంతా "చుక్క పడింది! గుమ్మం దగ్గరికి!" అని అరుస్తారు. మళ్ళీ గుమ్మం దగ్గర్నుంచి మొదలు. అన్నీ దాటుకుని నల్లబల్ల కింద పొడి మూలకు చేరినవాళ్ళు గెలిచినట్టు. గెలిచినవాళ్ళకి బహుమానం ఏమిటంటే, బడి వదిలేదాకా ఆ మూలనే కూర్చోవచ్చు. ఆ మూల దక్కిన రోజు నూకరత్నం దగ్గేది కాదు.

సరిగ్గా ఆ ఏడే పైవాళ్ళకు ఆటల పిచ్చి పట్టింది. క్రీడాభ్యసన మిషన్ అని ఒకటి వెలిసింది. "ఇకపై పాఠమనునది ఆట రూపమున మాత్రమే బోధింపబడవలెను" అని ఉత్తర్వు వచ్చింది. పక్కూరి హెడ్మాస్టరుగారు మరీ ఉత్సాహవంతుడు, హాజరు కూడా దాగుడుమూతలతోనే తీశారు. దొరకని పిల్లలందరికీ ఆబ్సెంటు పడింది. ఇది చాలదన్నట్టు ప్రతి మండలం నుంచీ ఒక కొత్త బోర్డు ఆట నమూనా పంపాలన్నారు.

నమూనా దొరక్క మండల సమన్వయకర్త కామేశంగారికి నిద్ర పట్టడం లేదు. ఓ వానరోజు గొడుగేసుకుని కూనలంక బడికొచ్చారు. గదిలో పిల్లలు గెంతుతున్నారు, కేరింతలు కొడుతున్నారు.

"ఏమిటయ్యా ఇది?" అన్నారు.

"కప్పు కారుతోందండి," అన్నారు మాస్టారు.

"అది కాదయ్యా, ఈ ఆట!"

"కప్పు కారబట్టే ఈ ఆటండి."

కామేశంగారు గొడుగు కింద నుంచే చెయ్యి చాచి మాస్టారి భుజం తట్టారు. "అద్భుతం! స్థానిక వనరుల ఆధారిత అభ్యసన క్రీడ! ఖర్చు శూన్యం!"

"వనరేదండీ ఇక్కడ?"

"పైనుంచి పడుతోందే, అది! సోమవారానికి దీని నమూనా అట్ట మీద చేసి పట్రండి."

"తెస్తాను గానండి, ఆ కప్పు సంగతి…"

"పిచ్చి మాస్టారూ! నమూనా పైకి వెళ్తే పైవారి దృష్టి పడుతుంది. దృష్టి పడ్డాక కప్పు దానంతటదే బాగవుతుంది. వ్యవస్థ అలా పనిచేస్తుంది."

ఆ మాట మాస్టారికి తేనె పూసినట్టు అనిపించింది. అర్జీలకు కదలని కప్పు అట్టముక్కకు కదులుతుందంటే అంతకంటే కావలసిందేముంది?

ఆదివారం పొద్దున్నే అటక మీంచి మిక్సీ పెట్టె దించారు. భార్య సత్యవేణి అడ్డం పడింది. "ఏవండీ, మిక్సీకి ఇంకా గ్యారంటీ ఉంది. గ్యారంటీ ఉన్నంతకాలం పెట్టె చింపకూడదు, తెలీదా?"

"బడి కప్పు కోసమే!"

"కప్పుకు అట్ట వేస్తారేంటి, సిమెంటు దొరక్కా?" అంది గానీ, సంగతి విన్నాక తనే కత్తెర తెచ్చింది. మైదా ఉడికించి జిగురు చేసింది. అట్టకు ఓవైపు తెల్లకాగితం అంటించి ఎండలో పెడితే మధ్యాహ్నానికల్లా అట్ట వంకర తిరిగి చేటలా అయింది. "ఒక వైపే అంటిస్తే అటే లాగుతుందండీ, రెండో వైపూ వెయ్యాలి," అని రెండో వైపూ అంటించి, బియ్యం బస్తా కింద పెట్టింది. అది చదునయ్యేలోగా మాస్టారు గుమ్మం మెట్టు మీద కూర్చుని చింతపిక్కలు ఓ పక్క తెల్లబడేదాకా అరగదీశారు. వేళ్ళు కూడా అరిగాయి. గళ్ళు గీసి, చుక్కలున్న చోట సత్యవేణి నీలం బొట్టుబిళ్ళలు అంటించింది. పాత చొక్కాల బొత్తాలు పావులయ్యాయి.

సాయంత్రం ఇద్దరూ ఆడి చూశారు. సత్యవేణి బొత్తం ఎంతసేపూ గుమ్మం దగ్గరికే తిరిగొస్తోంది.

"ఇదేం ఆటండీ, గెలిచే దారే లేదు! ఆ మూల దగ్గర బొట్టుబిళ్ళ కాస్త పక్కకి జరపండి."

"నేనెలా జరుపుతానే? ఆ చుక్క అక్కడే పడుతుంది."

"మీ సత్యం మండిపోనూ, ఆటలో కూడానా!"

జరపలేదాయన. అంతేకాదు, నియమాలు రాసిన కాగితం చివర ఇంకో మాట చేర్చారు: "అసలు ఆటకు పావులు ఐదో తరగతి పిల్లలు. అట్ట మీద పిల్లలు పట్టరు కనుక వారికి బదులు బొత్తాలు. అసలు పావులు లేనప్పుడు బదులు పావులు వాడవచ్చును."

"ఇదంతా దేనికండీ రాయడం?" అంది సత్యవేణి.

"ఉన్న మాటే కదే," అన్నారు మాస్టారు.

నమూనా పైకి వెళ్ళింది. వెళ్ళడమేమిటి, ఎగిరింది. మిషన్ డైరెక్టర్ హిరణ్మయిగారు దాన్ని చూసి ముగ్ధురాలైపోయారట. నియమాలతో సహా ఒక్క అక్షరం మార్చకుండా ఆమోదించి ముద్ర వేశారు. పైవారి దృష్టి నిజంగానే పడింది, అర్జీ కూడా ఎక్కడి నుంచో బయటపడింది. ఓ శుక్రవారం పొద్దున ఇంజనీరు సూర్యప్రకాశంగారు కూలీలతో, సిమెంటు బస్తాలతో బడి ముందు దిగారు. మాస్టారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నూకరత్నం పరిగెత్తుకెళ్ళి, "సిమెంటేనాండీ? మన గదికేనాండీ?" అని బస్తా తడిమి చూసింది.

సిమెంటు కలిపి, నిచ్చెన వేశారో లేదో, కామేశంగారు మోటారు సైకిల్ మీద ఆదరాబాదరా వచ్చారు. చేతిలో మెమో. "ఆపండి! నిచ్చెన దిగండి!" అని కేకలేసి, గుక్క తిప్పుకోకుండా చదివారు:

"కూనలంక గదియందలి తొమ్మిది చుక్కలును సదరు ఆటకు ప్రామాణిక చుక్కలుగా గుర్తించబడినవి. తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు వాటి స్థానమును, సంఖ్యను, వేగమును మార్చుట, పూడ్చుట, లేదా వాటి కింద గిన్నె పెట్టుట నిషేధించడమైనది."

మాస్టారు గోడకానుకుని నిలబడ్డారు. "కప్పు బాగవుతుందన్నారు కదండీ?"

"కప్పు బాగైతే చుక్కలుండవు. చుక్కల్లేకపోతే ఆట ఉండదు. ఆట లేకపోతే దృష్టి ఉండదు. దృష్టి లేకపోతే కప్పెలా బాగవుతుందయ్యా? కాస్త ఆలోచించు," అన్నారు కామేశంగారు ఎంతో జాలిగా.

"మరి కలిపిన సిమెంటండీ?" అన్నారు ఇంజనీరుగారు. పారబోస్తే ఆడిట్ వాళ్ళు పట్టుకుంటారు. అంచేత దానితో గది ముందు ఓ దిమ్మ కట్టి, దాని మీద "ప్రామాణిక చుక్కల గది" అని రాయించి, ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ రాత మాత్రం వానకు చెదరలేదు, మంచి సిమెంటు.

ఇక ఆట రాష్ట్రమంతా పాకింది. పాకాక తెలిసిందేమిటంటే, చాలా బళ్ళు కారడం లేదు. ఇది మిషన్‌కు తలవంపు. కారని బళ్ళ పిల్లలు వెనకబడిపోతున్నారని నివేదిక వచ్చింది. వెంటనే "చుక్కల సదుపాయ పథకం" మంజూరు చేశారు. నిన్నగాక మొన్న పోసిన శ్లాబులకు డ్రిల్లింగు మిషన్లు పెట్టి తొమ్మిదేసి బెజ్జాలు కొట్టారు. కొన్ని బళ్ళలో పన్నెండు కారుతున్నాయి. వాళ్ళకు నోటీసులిచ్చారు, "అధిక చుక్కలను అనుమతి లేకుండా ఎందుకు అనుభవిస్తున్నారు?" అని. ఆ అధికపు చుక్కలు పూడ్చుకున్న బళ్ళను చూసి గంగాధరం మాస్టారు లోలోపల ఎంత కుళ్ళుకున్నారో!

ఎండాకాలం వచ్చింది. వానల్లేవు, చుక్కల్లేవు. ఆట పీరియడ్ ఎగ్గొట్టడానికి వీల్లేదు కాబట్టి కూనలంకకు రోజూ నీళ్ళ ట్యాంకరు రాసాగింది. కూనలంక బడిలో తాగడానికి కుళాయి లేదు. పిల్లలు ఇంటి నుంచి సీసాలు తెచ్చుకుంటారు. ట్యాంకరు వచ్చి పైపేసి నీళ్ళన్నీ శ్లాబు మీద పోసి వెళ్ళిపోయేది. నూకరత్నం ఓసారి సీసా పట్టుకుని ట్యాంకరు డ్రైవరు దగ్గరికెళ్ళి, "గుక్కెడు పొయ్యండన్నా," అంది. "ఇయ్యి తాగే నీళ్ళు కాదమ్మా, కారే నీళ్ళు," అన్నాడతను. ఎండల్లోనూ గది కారడంతో వానాకాలపు దగ్గు ఆ పిల్లకు ఎండాకాలమూ దాపురించింది. వాళ్ళమ్మ ఈసారి గుమ్మంలో నిలబడి ఏమీ అనలేదు. చూసి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది మాస్టారికి.

"ఇంటో ఓ మిక్సీ పెట్టె పోయింది, బళ్ళో కప్పూ పోయింది. ఇంకా ఏం పోగొడతారు?" అంది సత్యవేణి. మాస్టారికి ఆ అట్టను గోదాట్లో పారెయ్యాలనిపించింది.

అయితే అట్ట అప్పటికే గోదాట్లో పారెయ్యగలిగే వస్తువు కాదు. దాన్ని పుట్టినచోటనే ఉంచాలని డైరెక్టరుగారు పట్టుబట్టి కూనలంకకే తిరిగి పంపారు. ఐదో తరగతి గదిలో బల్ల మీద, అద్దం కింద పెట్టారు. పదవ రోజో ఎప్పుడో ట్యాంకరువాడు కాస్త ఎక్కువ పోశాడు. అద్దం సందులోంచి ఓ చుక్క లోపలికి దిగింది. ఓ బొట్టుబిళ్ళ ఊడింది. మైదా ఉబ్బింది.

అంతే, మిషన్ అట్టుడికిపోయింది. జీపులు దిగాయి. కామేశంగారు అట్ట ముందు నిలబడి కంటతడి పెట్టుకున్నారు. ఇంజనీరుగారు అట్ట తేమను ఏదో యంత్రంతో కొలిచి, తల అడ్డంగా ఊపారు.

వాళ్ళ వెనకే నూకరత్నం దగ్గుతూ నిలబడి ఉంది. "మాస్టారండీ, అట్టకి జలుబు చేసిందాండీ?" అంది మెల్లిగా.

"ష్! పెద్దలు మాట్లాడుతుంటే మధ్యలో దగ్గొద్దు," అన్నారు కామేశంగారు.

"నమూనా భద్రతా మందిరం" అత్యవసరంగా మంజూరైంది. ఏళ్ళ తరబడి కప్పు మీదికి ఒక్క తట్ట సిమెంటు ఎక్కని ఆ బడి ఆవరణలో, మామిడికాయలు ముదిరేలోగా కొత్త గది లేచింది. రెండు వరసల కప్పు, మధ్యలో తారు. కిటికీలకు దోమతెరలు, నాలుగు ఫ్యాన్లు, చల్లని గచ్చునేల. నమూనాకు దాహం వెయ్యదు గానీ, ఇంజనీరుగారి దగ్గరున్న పాత ప్లానులో ఉందని ఓ కుళాయి కూడా పెట్టారు. గది మధ్యలో ఓ బల్ల, దాని మీద మిక్సీ పెట్టె అట్ట. పిల్లలకు ప్రవేశం లేదు. పిల్లలు కిటికీ ఊచలు పట్టుకుని లోపల ఫ్యాన్లు తిరుగుతుంటే చూసేవారు.

ప్రారంభోత్సవం రోజున కామేశంగారు కొత్త ఉత్తర్వు చదివారు: "ఆమోదిత నమూనాకు చెందిన సమస్త భాగములును సదరు మందిరమందే, పొడి స్థితిలో భద్రపరచవలెను. ఏ ఒక్క భాగము తడిసినట్లు రుజువైనను గంగాధరం మాస్టారిదే పూర్తి బాధ్యత. ఉద్యోగము నుండి తొలగించబడును." చదివి, మాస్టారి వైపు వేలు చూపించి మరీ కూర్చున్నారు.

మాస్టారు తల వంచుకుని విన్నారు. "సమస్త భాగములు" దగ్గర తల ఎత్తారు.

మర్నాడు పొద్దున కామేశంగారు తాళం తీద్దామని వచ్చి చూసేసరికి మందిరంలో ఐదో తరగతి మొత్తం బాసింపట్లు వేసుకుని కూర్చుని ఉంది. మాస్టారి దగ్గరా ఓ తాళంచెవి ఉందిగా, బాధ్యుడాయన! మందిరంలో పాఠం జరుగుతోంది. నూకరత్నం కుళాయి కింద సీసా పెట్టి నింపుకుంటోంది.

"ఏమిటయ్యా ఈ అఘాయిత్యం! పిల్లలకు ప్రవేశం లేదని తెలీదా?"

"పిల్లలకు లేదండి. పావులకుందండి," అన్నారు మాస్టారు, చేతులు కట్టుకుని. ఆమోదముద్ర వేసిన నియమాలు ముందు పెట్టారు. "అసలు ఆటకు పావులు ఐదో తరగతి పిల్లలు. డైరెక్టరుగారి సంతకం ఉందండి కింద. సమస్త భాగాలూ లోపలే ఉండాలన్నారు. బొత్తాలు బల్ల మీద పెట్టాను. పావుల్ని నేల మీద కూర్చోబెట్టాను. ఒక్కటి తడిసినా నా ఉద్యోగం పోతుందని మీరే చదివారు కదండీ. పిల్లలున్నవాణ్ణి."

కామేశంగారు నియమాలు మళ్ళీ చదివారు. ముద్రను గోటితో గీకి చూశారు. ఊడలేదు.

"దీన్ని సవరించాలి," అన్నారు.

"సవరించండి. మీరు రాసి సంతకం పెట్టండి."

సంతకం అనేసరికి కామేశంగారికి పెన్ను కనపడలేదు. "ఆమోదించిన దాన్ని సవరించే అధికారం నాకు దఖలు పడలేదు," అని వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ తలుపు మాత్రం జాగ్రత్తగా మూశారు, ట్యాంకరు జల్లు పడకుండా.

మళ్ళీ ఆషాఢం వచ్చింది. వాన పట్టుకుంది. పెద్దబడిలో చేరికల ఉత్తర్వు ఇంకా రాలేదు కాబట్టి పాత ఐదో తరగతే మందిరంలో కూర్చుని ఉంది, ఎక్కాలు జోరుగా సాగుతున్నాయి. నూకరత్నం దగ్గు తగ్గి, గొంతు ఎంత పెద్దదో తరగతికంతకూ తెలిసొచ్చింది. అలాంటి ఓ రోజు డైరెక్టర్ హిరణ్మయిగారు స్వయంగా కూనలంక వచ్చారు. ప్రామాణిక చుక్కల్ని, సహజ వాతావరణంలో, ఆట జరుగుతుండగా చూడాలన్నారు.

ఐదో తరగతి పాత గదిలో చుక్కలు తొమ్మిదీ సక్రమంగా పడుతున్నాయి. ఆడేవాళ్ళు లేరు.

"పిల్లల్ని పిలిపించండి," అన్నారామె.

"పావు తడిస్తే నా ఉద్యోగం పోతుందమ్మా. తమరు తడపవచ్చునని రాసిస్తే, ఇప్పుడే పంపుతాను," అన్నారు మాస్టారు.

ఆమె కామేశంగారి వైపు చూశారు. ఆయన ఇంజనీరుగారి వైపు చూశారు. ఇంజనీరుగారు కప్పు వైపు చూశారు, కంట్లో చుక్క పడింది. పిల్లల్ని తడపమని ఎవరు రాసిస్తారు?

"అయితే ఎలా మరి? ఆట చూడకుండా నేను వెనక్కెళ్ళను," అన్నారు డైరెక్టరుగారు.

"నియమాల్లోనే ఉందండి," అన్నారు మాస్టారు వినయంగా. "అసలు పావులు లేనప్పుడు బదులు పావులు వాడవచ్చును."

చూడగా చూడగా అక్కడ బదులు పావులుగా పనికొచ్చేవాళ్ళు ముగ్గురే కనబడ్డారు. మిషన్ పరువు దక్కాలి కదా. కామేశంగారు ప్యాంటు మడిచారు. ఇంజనీరుగారు బూట్లు విప్పారు. డైరెక్టరుగారు, ఆవిడ ఉత్సాహం నిజమైనదే, కొంగు నడుముకు చుట్టి గళ్ళలోకి దిగారు. మాస్టారు చింతపిక్కలు విసిరారు.

ఎదురుగా ఉన్న మందిరం కిటికీల నిండా మొహాలే. "చుక్క పడింది!" అని ఐదో తరగతి ఒక్కసారిగా అరిచింది. "గుమ్మం దగ్గరికి! ఎల్లండి, ఎల్లండి, గుమ్మం దగ్గరికి!"

కామేశంగారు గుమ్మానికి వెళ్ళారు. ఇంజనీరుగారు వెళ్ళారు. మళ్ళీ కామేశంగారు. గెలవడానికి ఇందులో దారి లేదని సత్యవేణి ఎప్పుడో చెప్పింది. ఎలాగోలా కామేశంగారు ఓ గంటకు నల్లబల్ల కింది మూలకు చేరి, "గెలిచాను!" అని అరిచి గోడకు అతుక్కుపోయారు. డైరెక్టరుగారు ఆయన వైపు అదోలా చూశారు. హోదా హోదాయే. పాపం, ఆయన మూల ఖాళీ చేసి చుక్క కిందికి వచ్చేశారు.

హిరణ్మయిగారు మూలలో నిలబడి గట్టిగా తుమ్మారు. జుట్టు పిండుకున్నారు. తల ఎత్తి, మొదటిసారిగా కప్పును చూశారు.

"ఏమయ్యా మాస్టారూ, గది ఇంత ఘోరంగా కారుతోందే! ఇన్నాళ్ళూ మాకొక్క మాట చెప్పాలని తోచలేదా నీకు?"

గంగాధరం మాస్టారు చేతిలో చింతపిక్కల వైపు చూసుకున్నారు.

"చెప్పానండి. పరిశీలనలో ఉందండి," అన్నారు.

మందిరం గుమ్మంలోంచి నూకరత్నం కేకేసింది, ఒక్క దగ్గు కూడా లేకుండా. "మాస్టారండీ! జల్లు కొడతందండి! తలుపేసెయ్యనాండీ?"

"వేసెయ్యమ్మా," అన్నారు మాస్టారు. "పావులు తడుస్తాయి."